ముగ్గురికి ఒక ద్వీపం

జనవరిలో ఒక శనివారం సాయంత్రం మా ఆయన ల్యాప్‌టాప్ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. "మార్చిలో ప్లాంట్ షట్‌డౌన్ ఉంది. వారం రోజులు ఖాళీ దొరుకుతుంది. ఎక్కడికైనా వెళ్దాం, సముద్రం ఉన్న చోటికి" అన్నాడు. నేను పాపకు పెరుగన్నం తినిపిస్తున్నాను. సరే అన్నాను. ఆ రోజుల్లో ఎవరు ఏమడిగినా సరే అనేదాన్ని. కాదంటే మళ్ళీ కారణం చెప్పాలి.

అంతకు ముందు నవంబరులో మాకు పుట్టవలసిన రెండో బిడ్డ కడుపులోనే పోయాడు. ఏడో నెల నిండింది. మధ్యాహ్నం మీటింగ్‌లో కూర్చుని ఉండగా, పొద్దుటి నుంచి కదలిక తెలియలేదన్న సంగతి గుర్తొచ్చింది. ఇంటికొచ్చి చల్లటి జ్యూస్ తాగి, ఎడమ పక్కకు తిరిగి పడుకుని చూశాను. ఆ తర్వాత ఆసుపత్రిలో స్కాన్ చేస్తున్న అమ్మాయి తెరను తన వైపు తిప్పుకుని, డాక్టర్ని పిలుచుకొస్తానని బయటికి వెళ్ళింది. ఆమె తలుపు వేసిన తీరులోనే నాకు తెలిసిపోయింది. మరునాడు మందులిచ్చి నొప్పులు తెప్పించారు. మగబిడ్డ. ఎందుకు పోయాడో పరీక్షలన్నీ చేసి కూడా చెప్పలేకపోయారు.

ఇంటికి వచ్చాక పాలు పడ్డాయి. అలా జరుగుతుందని నర్సు చెప్పే ఉంటుంది, నా చెవికెక్కలేదు. బిగుతుగా గుడ్డ కట్టుకుని, ఫ్రిజ్‌లో పెట్టిన క్యాబేజీ ఆకులు అద్దుకుని పాలు ఎండగట్టుకున్నాను. ఇక్కడ కెనడాలో బిడ్డ దక్కకపోయినా తల్లికి సెలవు ఇస్తారు. మంచి పద్ధతే. కాని ఆఫీసు రికార్డులో దాని పేరు మెటర్నిటీ లీవే. నాకు ఈమెయిల్ పంపినవాళ్ళందరికీ మెటర్నిటీ లీవులో ఉన్నానని జవాబు దానంతటదే వెళ్ళేది. సంగతి తెలియని ఒకరిద్దరు కంగ్రాచ్యులేషన్స్ అని తిరిగి రాశారు.

కరీబియన్ వెళ్దామన్న మాట మా ఇంట్లో కొత్తది కాదు. కిందటి ఎండాకాలం, నాకు నెల తప్పిన కొత్తలో ఒకసారి అనుకున్నాం. అప్పుడు మా డాక్టర్ వద్దంది. అక్కడి దోమల వల్ల జికా అనే వైరస్ వచ్చే ప్రమాదం ఉందనీ, అది కడుపులో బిడ్డకు మంచిది కాదనీ చెప్పింది. "సరే, బిడ్డ పుట్టాక వెళ్దాం, నలుగురం" అన్నాడు మా ఆయన. ఇప్పుడు ఆ అడ్డు లేదు. ఏ ద్వీపానికైనా వెళ్ళవచ్చు. ఈ మాట ఇద్దరికీ తోచింది, ఇద్దరమూ పైకి అనలేదు.

అతను మా ఊరి పక్కనున్న కేంబ్రిడ్జ్‌లో కార్ల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఏ పని మొదలుపెట్టినా ముందు షరతులు రాసుకుంటాడు. టొరంటో నుంచి డైరెక్ట్ ఫ్లైట్ ఉండాలి. పాప మధ్యాహ్నం నిద్ర చెడకూడదు. సముద్రం లోతు లేకుండా, అలలు లేకుండా ఉండాలి. గదిలో స్టవ్ ఉండాలి, ఎందుకంటే పాప పప్పన్నం, పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టదు. దగ్గర్లో పిల్లల డాక్టర్ ఉండాలి. ప్రతి సాయంత్రం పని నుంచి వచ్చి, బూట్లు విప్పి, తెర ముందు కూర్చునేవాడు. జమైకా, ఆంటిగ్వా, సెయింట్ లూసియా, కురసావ్, బార్బడోస్. "ఇది చూడు" అని పిలిచేవాడు. వెళ్ళి చూసేదాన్ని. అన్నిట్లోనూ అదే నీలం నీళ్ళు, అవే తెల్ల కుర్చీలు, ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని నడిచే అమ్మానాన్నలు.

"నీకేది నచ్చింది?"

"ఏదైనా ఒకటే."

"అలా అనకు. నీ కోసమే కదా."

నా కోసమని అతను నిజంగానే నమ్మాడు. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను.

పాపకు అప్పటికి రెండు నిండి కొన్ని నెలలు. డేకేర్‌లో చేరాక మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే వచ్చేవి. కడుపుతో ఉన్నప్పుడు తన బొమ్మలు ఒక్కొక్కటే తెచ్చి నా పొట్ట మీద పెట్టి, "ఫర్ బేబీ" అనేది. ఆసుపత్రి నుంచి వచ్చాక నా చొక్కా పైకెత్తి చూసింది. వేలితో పొడిచి చూసింది. అన్నం తినడం అయిపోయాక కంచం తోసేసి ఒక మాట అంటుంది, అదే మాట అంది. "బేబీ ఆల్ డన్?"

"అవునమ్మా, ఆల్ డన్" అన్నాను. ఆ తర్వాత చాలా రోజులు, స్నానం చేయించేటప్పుడో బట్టలు మార్చేటప్పుడో, అదే అడిగి అదే జవాబు చెప్పించుకునేది.

ఫిబ్రవరి మొదట్లో ముగ్గురం వాటర్లూలో ఒక ట్రావెల్ క్లినిక్‌కి వెళ్ళాం. పాపకు టీకాలేమైనా కావాలేమో అడుగుదామన్నాడు. బయట మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టి ఉంది. అతను పాపను ఎత్తుకుని, రెండో చేత్తో నా మోచేయి పట్టుకుని నడిపించాడు. లోపల నర్సు మా వయసుదే. గోడ మీద ప్రపంచపటం ఉంది. పాప టీకాల కార్డు చూసి అన్నీ సరిగ్గానే ఉన్నాయంది. ఆ తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి, అందరినీ అడిగే మాటలాగే అడిగింది.

"మీరిప్పుడు ప్రెగ్నెంటా? లేదా త్వరలో ప్లాన్ చేస్తున్నారా?"

నేను "లేదు" అన్నాను. అదే క్షణంలో పక్క నుంచి అతను "చేయొచ్చు" అన్నాడు.

నర్సు టైపు చేయడం ఆపి మా ఇద్దరినీ చూసింది. నేను అతన్ని చూశాను. అతను పటం వైపు చూస్తూ, "ఏ ఐలాండ్‌కి వెళ్తే రిస్క్ ఉండదో తెలుసుకుందామని" అన్నాడు.

నర్సు నెమ్మదిగా చెప్పింది. ఆ వైపు చాలా ద్వీపాల్లో ఎప్పుడో ఒకప్పుడు జికా కనబడిందట. ఇప్పుడు ఎక్కువ లేదు, కాని అసలు లేదని ఎవరూ హామీ ఇవ్వలేరు. బిడ్డ కోసం ప్రయత్నించేవాళ్ళు తిరిగి వచ్చాక కొన్ని నెలలు ఆగడం మంచిది. మగవాళ్ళు కూడా.

"ఆగుతాం" అన్నాడు అతను.

కారులో పాపను సీట్లో కూర్చోబెట్టి బెల్టులు బిగించాను. ఇల్లు చేరాక, పాప టీవీ ముందు కూర్చున్నాక, వంటగదిలో నిలబడి అడిగాను.

"నన్నడగకుండా ఎలా అన్నావు?"

"చేయొచ్చు అన్నాను, అంతే."

"ఇన్ని రోజులుగా నువ్వు ఐలాండ్ వెతుకుతున్నది దీనికోసమా?"

"కాదు. నీకు మార్పు కావాలని. కాని ఆ తర్వాత సంగతి కూడా ఆలోచించాలి కదా."

"నాకు ఇంకొకరు వద్దు."

"ఇప్పుడు అలాగే అనిపిస్తుంది."

"నాకేమనిపిస్తుందో నువ్వు చెప్పకు. నవంబరులో నువ్వు కిటికీ వైపు తిరిగి నిలబడ్డావు."

నిజం అదే. బిడ్డను దుప్పట్లో చుట్టి నా చేతుల్లో పెట్టినప్పుడు అతను కిటికీ దగ్గరికి వెళ్ళి, బయట పార్కింగ్ స్థలం చూస్తూ నిలబడ్డాడు. చూస్తారా అని నర్సు అడిగింది. తల అడ్డంగా ఊపాడు. కాసేపాగి మళ్ళీ అడిగింది. మళ్ళీ అలాగే ఊపాడు. వాణ్ణి నేను ఒక్కదాన్నే చూశాను. తీసుకెళ్ళేటప్పుడు కూడా అతను ఇటు తిరగలేదు. అప్పటి నుంచి మేం ఆ సంగతి ఎత్తలేదు.

అతను కోటు వేసుకుని పార తీసుకుని బయటికి వెళ్ళాడు. పొద్దున్నే మంచు తీసేశాడు, తీయడానికి ఇంకేమీ లేదు. నేల మీద గడ్డకట్టిన పొరను పారతో గీకుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

మాకు రెండు వీధుల అవతల ఒక ఆంటీ ఉంటారు. కాకినాడ వైపు వారు, రిటైరైన డాక్టర్. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు పాపను చూసుకున్నది ఆవిడే. తర్వాత వారాల తరబడి చారు, కూర డబ్బాల్లో పెట్టి గుమ్మంలో ఉంచి వెళ్ళేవారు. లోపలికి రమ్మంటే, "వద్దులే, నువ్వు పడుకో" అనేవారు. కెనడా రాకముందు పెళ్ళైన కొత్తలో ఆవిడ, అంకుల్ ఇద్దరూ బార్బడోస్‌లో కొంతకాలం పనిచేశారని విన్నాను. క్లినిక్ గొడవ తర్వాత ఒక మధ్యాహ్నం, పాప డేకేర్‌లో ఉన్నప్పుడు, వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. నేనూ కూర్చుని తీయడం మొదలుపెట్టాను.

"ఏ ఐలాండ్‌కి వెళ్ళాలో తేలడం లేదు ఆంటీ" అన్నాను.

"అతను నాకు ఫోన్ చేశాడమ్మా. ఎక్కడ దోమలు తక్కువని అడిగాడు. నాకు తెలిసింది ఎప్పటి మాటో, ఇప్పుడు పనికిరాదన్నాను."

అప్పుడు క్లినిక్‌లో జరిగింది చెప్పాను. ఆవిడ విన్నారు.

"మళ్ళీ కనమని నేను చెప్పను. వద్దనీ చెప్పను. ఒంటికి మాత్రం ఏడాదైనా టైమివ్వు. డాక్టర్‌గా అంతే చెప్పగలను" అన్నారు. మరో కాయ తీసుకుని, "అతను చూశాడా బిడ్డని?" అని అడిగారు.

"లేదు."

"అసలు చూడలేదా?"

"లేదాంటీ."

ఆవిడ చేతిలోని కాయను గిన్నెలో వేశారు. దాని గురించి ఇంకేమైనా అంటారని ఎదురుచూశాను. అనలేదు. గిన్నె నా వైపు జరిపి, "పిల్లతో వెళ్తున్నారు కాబట్టి బార్బడోస్‌కే వెళ్ళండి. పడమటి ఒడ్డున దిగండి. అటు నీళ్ళు చెరువులా ఉంటాయి. తూర్పు వైపు మాత్రం వెళ్ళకండి, అది పెద్ద సముద్రం, కెరటాలు మనుషుల్ని లాగేస్తాయి. అన్నం వండుకోవడానికి చిన్న కుక్కర్ పట్టుకెళ్ళు" అన్నారు.

ఆ సాయంత్రం మా ఆయన వచ్చేలోపే నేను టికెట్లు, గది బుక్ చేశాను. అతని షరతుల్లో చాలావరకు సరిపోయాయి. దోమల సంగతి నేను చూడలేదు. కావాలనే చూడలేదు. బార్బడోస్ అని చెబితే, "మంచిది" అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

మార్చిలో వెళ్ళాం. విమానంలో పాప సగం దారి ఏడ్చి, దిగే ముందు నిద్రపోయింది. మేం దిగిన చోటు చిన్న గెస్ట్‌హౌస్. గది ముందు వరండా, ఆ ముందు ఇసుక, ఇసుక చివర నీళ్ళు. ఆంటీ చెప్పినట్టే నీళ్ళు చెరువులా ఉన్నాయి. పాప ఇసుక మీద కాలు పెట్టగానే పాము మీద పెట్టినట్టు అరిచింది. "షూస్, షూస్" అని ఏడుస్తూ మెడకు అతుక్కుపోయింది. టవల్ పరిస్తే దాని మధ్యలో నిలబడి, అంచు దాటేది కాదు. ఇంత దూరం సముద్రం కోసం వచ్చి, మేం ముగ్గురం ఒక టవల్ మీద కూర్చునేవాళ్ళం. పొద్దు వాలుతుండగా అతను దోమల మందు తెచ్చి పాప కాళ్ళకు రాసేవాడు. తర్వాత ఆ సీసా నా వైపు చాచేవాడు. తీసుకుంటే అతని ఆలోచనకు ఒప్పుకున్నట్టవుతుందని నేను తీసుకునేదాన్ని కాదు. దాన్ని మా ఇద్దరి మధ్య పెట్టి ఊరుకునేవాడు.

కొన్ని రోజులకు పాప నీళ్ళ అంచు దాకా వచ్చింది. తడి ఇసుక ఆమెకు ఫరవాలేదు, పొడి ఇసుకే పనికిరాదని తేలింది. ఆ పొద్దున పక్క కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కాల్గరీ నుంచి వచ్చిందట, మనవరాళ్ళతో. పాపను చూసి ముచ్చటపడి, "మీకు ఒక్కతేనా?" అని అడిగింది.

మా ఆయన నా ముఖం వైపు చూశాడు. ఈసారి అతను ముందు మాట్లాడలేదు.

"ఇద్దరు. బాబు నవంబరులో పోయాడు" అన్నాను.

ఆవిడ చేయి గుండెల మీద పెట్టుకుని, చాలా సారీ అంది. కాసేపు కూర్చుని, మనవరాళ్ళు పిలుస్తున్నారని లేచి వెళ్ళింది. వాళ్ళు పిలవలేదు. ఆవిడది తప్పేమీ కాదు.

మధ్యాహ్నం పాపకు అన్నం పెట్టి నిద్రపుచ్చాను. వరండాలోకి వస్తే అతను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. నా వైపు చూడకుండా అడిగాడు.

"ఎలా ఉన్నాడు?"

నవంబరు నుంచి ఈ మాట అడగలేదని అతని మీద కోపంగా ఉన్నాను. అడిగాక, చెప్పకూడదనిపించింది. వాడి ముఖం తెలిసింది నాకు ఒక్కదానికే, అది నా దగ్గరే ఉంచుకోవాలనిపించింది.

"జుట్టు ఒత్తుగా ఉంది. నుదుటి మీదకి పడింది" అన్నాను చివరికి.

"ఊ."

"చెవులు నీవే. కింద తమ్మె లేదు. వేళ్ళు పొడుగు. గోళ్ళు కూడా ఉన్నాయి."

"ఇంకా?"

"పెదాలు నల్లగా ఉన్నాయి. చెంప మీద ఒకచోట చర్మం లేచింది. నర్సు అటువైపు దుప్పటి కప్పింది, నేను తీసి చూశాను."

అది చెప్పకుండా ఉంటే బాగుండునేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. కాని అతను అడిగింది పూర్తిగా తెలుసుకోవడానికే. అతని భుజాలు కదలడం మొదలయ్యాయి. పెళ్ళైనప్పటి నుంచి అతను ఏడవడం నేను చూడలేదు. చప్పుడు లేకుండా, నోరు తెరుచుకుని, ఊపిరి ఆడనట్టు ఏడ్చాడు.

"చూస్తే ఇంటికొచ్చి పాపని ఎత్తుకోలేనేమో అనిపించింది. అందుకే చూడలేదు. ఇంకొకరు పుడితే అయినా..." అని ఆపేశాడు.

"ఇంకొకరు పుట్టినా వాడు కాదు కదా."

"తెలుసు. వాడికి ముఖం లేదు నాకు. ఎన్నిసార్లు తలుచుకుందామన్నా కిటికీలోంచి కనబడిన కార్లే గుర్తొస్తాయి."

నేను అతని వీపు మీద చేయి వేశాను. అంతకన్నా ఏమీ చేయలేకపోయాను. క్షమించానని అనలేదు, ఎందుకంటే అప్పటికి ఇంకా క్షమించలేదు. లోపల పాప లేచింది. తలుపు దగ్గరికి నడిచొచ్చి అతన్ని చూసి, "డాడీ ఆవీ?" అంది. దెబ్బ తగిలిందా అని.

"అవునమ్మా, ఆవీ" అన్నాడు. పాప వచ్చి అతని మోకాలి మీద ఊది, మళ్ళీ లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రం దోమల మందు ఎవరికీ గుర్తు రాలేదు. మరునాటికి పాప కాళ్ళ నిండా ఎర్రటి దద్దుర్లు. ఇద్దరం వాటికి మందు రాశాం. మిగిలిన రోజులు వానలోనే గడిచాయి. తిరుగు ప్రయాణంలో టొరంటోలో దిగి, హైవే మీద ఇంటికి వస్తుంటే మంచు కురుస్తోంది. అతను దారి పొడుగునా నెమ్మదిగా నడిపాడు.

వేసవికి ముందే నేను మళ్ళీ ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టాను. అతను అంతకు ముందు జరిగినదాన్ని "ఆ విషయం" అనేవాడు. ఇప్పుడు "వాడు" అంటాడు. వాడుంటే ఈ పాటికి పాకేవాడు, వాడుంటే కారు మార్చేవాళ్ళం, అని ఉన్నట్టుండి అంటాడు. వినడం నాకు తేలిక కాదు. అయినా వింటాను.

ఏడాది తిరిగాక డాక్టర్ నన్ను చూసి, ఒంట్లో ఏ లోపమూ లేదు, మీకు కావాలనుకుంటే ప్రయత్నించవచ్చు అంది. ఇంటికి వచ్చే దారిలో, పాప వెనక సీట్లో నిద్రపోతుండగా, అతను ఒకే ఒక్కసారి అడిగాడు.

"ఏమంటావు?"

"నా వల్ల కాదు."

"ఆలోచించి చెప్పు, తొందర లేదు."

"ఆలోచించే చెబుతున్నాను. ఏడో నెల దాకా వెళ్ళి మళ్ళీ ఆ గదిలో పడుకోలేను."

"సరే" అన్నాడు.

కొంతదూరం పోయాక పెట్రోల్ బంకు దగ్గర కారు ఆపి, కాఫీ తెస్తానని లోపలికి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. అద్దంలోంచి చూస్తే, కౌంటర్ దగ్గర కాకుండా పక్కన మ్యాగజైన్ల ముందు ఒక్కడే నిలబడి ఉన్నాడు. నేను దిగి వెళ్ళలేదు. పాపను ఒంటరిగా వదిలి వెళ్ళలేను. ఆ తర్వాత కాఫీ లేకుండానే వచ్చి, బెల్టు పెట్టుకుని, కారు తీశాడు.